ప్రియదర్శి సినిమాలు నాలుగూ వరుసపెట్టి చూశా, మార్కులు వేద్దాం రండి

బెంచీటికెట్
ఇంట్లో వాళ్ళు వారం రోజులు ఊరెళ్ళారు. రిమోట్ నా చేతికొచ్చింది. ఎప్పటినుంచో "చూద్దాంలే" అని పక్కన పెట్టిన నాలుగు సినిమాలు నాలుగు రాత్రుల్లో లాగించేశాను. రెండోది అయ్యాక గమనించాను, రెండింట్లోనూ ప్రియదర్శే. ఇక మిగతా రెండూ కావాలనే అతనివి పెట్టాను.

మల్లేశం (2019), బలగం (2023), 35 చిన్న కథ కాదు (2024), కోర్ట్ (2025).

నూటికి మార్కులు వేస్తున్నాను. పాస్ మార్కు 35 అని వేరే చెప్పక్కర్లేదు కదా.

మల్లేశం 60. బలగం 72. 35కి 65. కోర్ట్‌కి 80.

ఒకటే షరతు. ఎందుకు వేశారో చెప్పాలి. "గుండె పిండేసింది బ్రో" అంటే లెక్కలోకి రాదు. ఈ మధ్య మన ఊరి సినిమా, మన యాస సినిమా అనగానే పేపరు చదవకుండానే 90 వేసేస్తున్నారు. నాకు ఆ అలవాటు లేదు.

సిరిసిల్ల_సాయి
బలగానికి 72, కోర్ట్‌కు 80! అన్నా, పేపరు తలకిందులుగా పట్టుకుని దిద్దినవా?

గోదారి_గట్టు
నేను బలగం మొన్న సంక్రాంతికి చూశాను. నిజం చెప్తున్నా, మొదటి అరగంట సగం అర్థం కాలేదు. తగువంతా "నల్లి బొక్క" దగ్గర మొదలైందంటారు. మా వైపు బొక్క అంటే చిల్లు. నల్లికి చిల్లేంటి, దానికోసం బావా బావమరుదులు విడిపోవడమేంటి అని జుట్టు పీక్కున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి "మూలుగ ఎముక అండీ" అంది. అప్పుడు వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను.

ఆ తర్వాత మాత్రం సినిమా ఎక్కడా ఆపలేదు. పెళ్ళి భోజనాల్లో అల్లుడి విస్తట్లో ముక్క తక్కువైందని పదేళ్ళు మాటలు లేని ఇళ్ళు మా కోనసీమలో ఎన్ని లేవు! మాకు మూలుగ ఎముక కాకపోతే చేప తలకాయ. నావి 85.

సిరిసిల్ల_సాయి
గట్టు అన్నకు ఉన్న బుద్ధి బెంచీ అన్నకు లేకపాయె.

బెంచీటికెట్
సాయీ, తిట్టడం తేలిక. నేను 28 మార్కులు ఎక్కడ కోశానో చెప్తా, కాదను. (చూడని వాళ్ళు దీన్ని దాటేయండి.)

ప్రియదర్శి వేసిన శైలుకి అప్పులున్నాయి. కట్నం డబ్బుతో తీర్చేద్దాం అనుకుంటాడు. తాత పోవడంతో, ఆ ఇంట్లో జరిగిన గొడవతో ఆ సంబంధం చెడుతుంది. అప్పుడు మేనత్త కూతురు కనిపిస్తుంది, వాళ్ళకు ఆస్తి ఉందని తెలుస్తుంది, ప్రేమ మొదలవుతుంది. బాగుంది. చావింట్లో పెళ్ళి లెక్కలు వేసుకునే కుర్రాడు. ఇంత నిజాయితీగా హీరోని చూపించడం మన దగ్గర అరుదు. కానీ ఆ లెక్కల ప్రేమ ఏ రోజు నిజమైంది? ఆ ఒక్క సీను లేదు. అప్పులవాళ్ళ భయం కూడా సగం దాకా గట్టిగా ఉండి, తర్వాత ఎటో పోయింది. చివర్లో పాట వస్తుంది, అందరూ ఏడుస్తారు, మనమూ ఏడుస్తాం. ఆ ఏడుపులో ఈ దారాలన్నీ కొట్టుకుపోతాయి. నేనూ ఏడ్చాను. అందుకే 72 వేశాను, లేకపోతే 62.

సిరిసిల్ల_సాయి
ఇప్పుడు మాట్లాడినవ్. అప్పుల ముచ్చట మధ్యల వదిలేసిండ్రు, ఒప్పుకుంటా. 5 కొయ్యి.

కానీ ఆ పాటను నువ్వు వేరే సినిమాల క్లైమాక్స్ పాట లెక్క చూస్తున్నవ్. మా దిక్కు మనిషి పోతే మూడొద్దులు, ఐదొద్దులు, పదకొండొద్దులు చేస్తరు. పిట్టకు పెడతరు. పిట్ట ముట్టకపోతే పోయినాయనకు ఏదో కోరిక మిగిలిందని ఇల్లంత కలవరపడుతది. బుడగ జంగాలోళ్ళు వచ్చి పోయినాయన కథ కట్టి పాడుతరు. ఆయన ఎవలకు ఏం జేసిండు, ఎవలను తలుచుకుంట పోయిండు, అన్నీ వస్తయి. ఆ పాట పని అదే, ఇంటోళ్ళను ఏడిపించి లోపల గడ్డకట్టింది కరిగించుడు. డైరెక్టర్ వేణు ఎల్దండి దాన్ని కొత్తగ కనిపెట్టలే. ఉన్న ఆచారానికి ఎదురుంగ కెమెరా పెట్టిండు, అంతే. సినిమా లోపలోళ్ళు ఏడ్చేది, బయట మనం ఏడ్చేది ఒకటే కారణానికి.

పాడిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ నటులు కారు, అదే వాళ్ళ బతుకు. మొగిలయ్య 2024 డిసెంబరుల పోయిండు. మా బాపు ఆ పొద్దు టీవీల మళ్ళా ఆ పాట పెట్టమన్నడు. పాట అయిపోయినంక టీవీ బంద్ చేసి బయటికి పోయిండు. ఏం మాట్లాడలే.

పాప్‌కార్న్_పద్మ
మగవాళ్ళంతా ఎముక గురించే మాట్లాడుతున్నారు. తగువు పడింది బావా బావమరుదులు. పుట్టింటికి దూరమైంది లక్ష్మి. ఏళ్ళ తరబడి ఒకే తెలంగాణలో ఉండి తండ్రిని చూసుకోలేకపోయింది. చివరికి తండ్రి శవాన్ని చూడటానికి వచ్చింది. ఆ పాత్ర వేసిన రూపాలక్ష్మి గారు ఇంటి ముందు దిగి నడిచే తీరు చూడండి. నేను ఫోను పక్కన పెట్టేశాను.

బెంచీటికెట్ గారూ, శైలు ప్రేమ ఎప్పుడు నిజమైందో చూపలేదు అన్నారు, సరే. కానీ ఆ సినిమా శైలుది కాదు. పోయిన తాత కొమురయ్యది. ప్రియదర్శి హీరో అని పోస్టరు మీద చూసి మీరు అతని కథ వెతుక్కున్నారు. నావి 88. మిగతా 12 ఎందుకు తగ్గాయంటే, అన్నదమ్ముల మధ్య మాట పెరిగే సీన్లు ఒకేలా మూడుసార్లు వచ్చాయి.

బెంచీటికెట్
ఇది బాగా చెప్పారు. "శైలుది కాదు, కొమురయ్యది." ఇంకోసారి చూసేటప్పుడు అలా చూస్తాను. మార్కు మాత్రం ఇప్పుడే మార్చను.

కొత్తోడు_99
ఫ్రెండ్స్ ఇవన్నీ ఫ్రీగా ఎక్కడ దొరుకుతాయి? లింక్ ఉంటే పెట్టండి.

వేదిక_నిర్వాహకుడు
పైరసీ లింకులు అడగడం, పెట్టడం రెండూ ఇక్కడ కుదరవు. కొత్తోడు గారు, ఇది మొదటి హెచ్చరిక. అలాగే మధ్యలో కంచరపాలెం సినిమా చివరి మెలిక బయటపెట్టిన ఒక పోస్టు తీసేశాను. ఆ సినిమా 2018లో వచ్చినా చూడనివాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ సరదా చెడగొట్టకండి.

సింగిల్‌స్క్రీన్_సీను
ఆ తీసేసిన పోస్టు నేను చదివేశాను. నేనింకా ఆ సినిమా చూడలేదు. థాంక్స్ అన్నయ్యా, ఎవరైతే పెట్టారో.

లెక్కల_టీచర్
నేను కర్నూలు జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్లో గణితం చెప్తాను. 22 ఏళ్ళ సర్వీసు. 35 సినిమా మా స్టాఫ్‌రూమ్‌లో పెద్ద గొడవే చేసింది, అందుకే ఇక్కడ రాయాలనిపించింది.

ముందు కోపం. లెక్కల మాస్టారు అంటే రాక్షసుడే. ఈ సినిమాలో ప్రియదర్శి వేసిన లెక్కల మాస్టారు చాణక్య, అరుణ్ అనే పిల్లాణ్ని "జీరో" అని పిలుస్తాడు. థియేటర్లో జనం నవ్వారు, తర్వాత తిట్టుకున్నారు. మాకు ఒక్కో సెక్షన్లో ఎంతమంది ఉంటారో, సిలబస్ ఎప్పటికి అయిపోవాలో, పదో తరగతి ఫలితాలు తగ్గితే మమ్మల్ని ఎవరు నిలదీస్తారో ఏ సినిమాలోనూ ఉండదు. మాస్టారుకి కూడా ఒక పైవాడు ఉంటాడు.

ఇప్పుడు మెచ్చుకోలు. అరుణ్ అడిగిన ప్రశ్న అసలైన ప్రశ్న. "సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎలా అయింది?" 22 ఏళ్ళలో ఇది నన్ను సూటిగా అడిగిన పిల్లలు ముగ్గురో నలుగురో. అడగని వాళ్ళకు తెలిసి కాదు. అడిగితే నవ్వుతారని. అడిగినవాళ్ళలో ఒక పిల్లాడికి నేను "ముందు చేసెయ్, తర్వాత అర్థమవుతుంది" అని చెప్పాను. వాడు ఎనిమిదిలో మానేశాడు. మానేయడానికి కారణాలు వేరే ఉన్నాయి, వలస వెళ్ళారు వాళ్ళింట్లో. అయినా ఆ సీను చూస్తుంటే వాడే గుర్తొచ్చాడు.

నివేదా థామస్ తల్లిగా నిజంగా కూర్చుని నేర్చుకుంటున్నట్టే ఉంది. ఆ పాత్రకు ఆమెకు 2024 గద్దర్ అవార్డు కూడా వచ్చింది. పదో తరగతి తప్పిన తల్లి కొడుక్కి చెప్పడానికి మళ్ళీ లెక్కలు పట్టుకోవడం, అది ఒక్కటే చాలు నాకు. 78 వేస్తున్నాను. చాణక్యని మనిషిగా కొంచెం ముందే చూపించి ఉంటే 85.

ఫ్రిస్కో_ఫణి
టీచర్ గారూ, మరి సున్నా ప్రశ్నకి మీ జవాబేంటి? మా అమ్మాయి ఇక్కడ నాలుగో గ్రేడ్. సినిమా చూసి నన్నదే అడిగింది. నేను ఇంజినీర్ని, పదిహేను నిమిషాలు చెప్పాను. తను ఆవలించింది.

లెక్కల_టీచర్
ఫణి గారూ, మీరు ఆర్టీసీ బస్సు ఎక్కిన రోజులు గుర్తున్నాయా? బస్సు స్టాండులోకి రాగానే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు విసిరేవాళ్ళు. ఆ సీట్లో మనిషి లేడు. అయినా ఇంకొకరు కూర్చోలేరు, పక్కకి జరగాల్సిందే. సున్నా ఆ తువ్వాలు. ఒకట్ల సీట్లో ఎవరూ లేరు, కానీ తువ్వాలు ఉంది కాబట్టి 1 జరిగి పదుల సీట్లో కూర్చుంది. తువ్వాలు తీసేస్తే 1 మళ్ళీ ఒకట్ల సీట్లోకి వచ్చేస్తుంది.

తర్వాత 1 ముందు సున్నా పెట్టి చూపించండి. 01 అంటే ఎందుకు మారలేదో తనే చెప్తుంది. ఖాళీ బస్సులో వెనక సీట్లో తువ్వాలు వేసినట్టు, అక్కడ ఎవరినీ జరపాల్సిన పని లేదు.

గోదారి_గట్టు
టీచరమ్మా, మీరు మా బళ్ళో ఉండుంటే నేను ఈ పాటికి కలెక్టర్ని. మా మాస్టారు సున్నా గురించి చెప్పింది ఒక్కటే, నా పేపరు మీద.

బెంచీటికెట్
టీచర్ గారి పోస్టు సినిమా కన్నా బాగుంది. కానీ నా 65 ఎందుకో చెప్తాను. కథ తిరుపతిలో జరుగుతుంది, వీధులు, ఇల్లు, మనుషులు చూడ్డానికి హాయిగా ఉన్నారు. దర్శకుడు నందకిశోర్ ఈమానికి ఆ ఊరి మీద ప్రేమ కనిపిస్తుంది. కానీ ఆ హాయి కాస్త ఎక్కువైంది. ఇంట్లో డబ్బు ఇబ్బంది, పిల్లాడికి బడి మారే భయం ఉన్నా ప్రతి ఫ్రేమూ పండగ పూట ఫొటోలా ఉంది. నాకు టెన్షన్ రాలేదు. వీడు పాసవుతాడని మొదటి రీల్లోనే తెలుసు.

పాప్‌కార్న్_పద్మ
టెన్షన్ రాలేదా? బోర్డు పరీక్ష రాసే పిల్లలున్న ఇల్లు మీది కాదు అని అర్థమైంది.

విశాఖ_వకీలు
ఇక కోర్ట్ మీద ఎవరూ గట్టిగా మాట్లాడలేదు కాబట్టి నేను దిగుతున్నాను. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులు చూస్తుంటాను, రెండు వైపులా.

బెంచీటికెట్ గారు 80 వేశారు. నేను నటనకి 90, కథకి 75, కోర్టుకి 50 వేస్తాను.

ముందు మంచి. దర్శకుడు రామ్ జగదీష్ కథని 2013లో పెట్టాడు. ఇది చిన్న విషయం కాదు. పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది 2012 నవంబరు 14న. అంటే సినిమాలో పోలీసులకి, లాయర్లకి, కుటుంబాలకి అందరికీ కొత్త చట్టం. 18 నిండని పిల్లల ఇష్టాన్ని ఈ చట్టం ఇష్టంగా లెక్కపెట్టదు. 19 ఏళ్ళ కుర్రాడు, 17 ఏళ్ళ అమ్మాయి ప్రేమించుకుంటే, అమ్మాయి ఇంట్లో ఒకరికి పగ ఉంటే చాలు. ఇంకో సంగతి, 29వ సెక్షన్ ప్రకారం కొన్ని నేరాల్లో నిందితుడు చేశాడనే కోర్టు అనుకుంటుంది, చేయలేదని అతను చూపించుకోవాలి. సినిమాలో ఆ కుర్రాడు వాచ్‌మన్ కొడుకు, ఎలా చూపించుకుంటాడు? ఆ నిస్సహాయత సినిమాలో బాగా వచ్చింది.

తీర్పు దగ్గరికొచ్చాక సాక్షుల్ని మళ్ళీ పిలవడం సినిమా ట్రిక్కు అనుకోకండి. అప్పటి నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 311వ సెక్షన్ కింద పిలవొచ్చు.

ఇప్పుడు చెడు. పోక్సో విచారణ మూసిన గదిలో జరగాలి. బాధిత పిల్లని లాయరు నేరుగా నిలదీయడానికి లేదు. ప్రశ్న జడ్జికి ఇవ్వాలి, జడ్జి అడగాలి. పిల్లని పదే పదే కోర్టుకి రప్పించకూడదు. ఇవి పాటిస్తే మన సినిమాలకు అలవాటైన గొంతు చించుకునే వాదనలు ఉండవు. నిజం కోర్టులో వాదన ఎలా ఉంటుందో తెలుసా? "వాయిదా". అంతే. మధ్యాహ్నం క్యాంటీన్లో ఉప్మా.

బెంచీటికెట్
వకీలు గారూ, ఉప్మా తింటున్నట్టు రెండు గంటలు తీస్తే టికెట్ ఎవరు కొంటారు?

విశాఖ_వకీలు
కొనరు. అది నాకూ తెలుసు. నా అసలు ఫిర్యాదు వేరే. కుర్రాడు తప్పు చేయలేదని మనకి మొదటి సగంలోనే తెలుసు. అనుమానం ఒక్క క్షణం కూడా మన వైపు రాదు. కష్టమైన కేసు ఏంటంటే, ఇద్దరికీ ఇష్టమై హద్దు దాటితే? అప్పుడు చట్టం ఏం చేస్తుంది, మనం ఏం అనుకుంటాం? నా దగ్గరికి వచ్చేవి ఎక్కువ అవే. సినిమా ఆ గుమ్మం దాకా వెళ్ళి తలుపు తట్టలేదు.

ఫ్రిస్కో_ఫణి
గుమ్మం దాకా వెళ్ళడమే గొప్ప అనిపించింది నాకు. ఇక్కడ థియేటర్లో మా పెద్దమ్మాయితో చూశాను, తనకి పదహారు. ఇంటర్వెల్లో నన్ను "నాన్నా, మీరైతే ఏం చేస్తారు?" అని అడిగింది. పాప్‌కార్న్ తెస్తానని లేచి వెళ్ళిపోయాను. అమ్మాయి బంధువు మంగపతిగా శివాజీ గారిని చూస్తుంటే నాకు భయం వేసింది. విలన్ అని కాదు, ఆ అరుపు మా పెద్దనాన్నది. అచ్చం ఆ గొంతే. పరువు అనే మాట పలికే తీరు.

90 నా తరపున.

సింగిల్‌స్క్రీన్_సీను
కోర్ట్‌లో ప్రియదర్శి కన్నా శివాజీ గెలిచాడు. మాకు ఆ రోజుల్లో విజిల్స్ అన్నీ మంగపతికే. జనం తిడుతూ విజిల్ వేయడం నా సర్వీసులో చాలా తక్కువసార్లు చూశాను.

నేను మా టౌన్లో ఒక పాత థియేటర్లో ప్రొజెక్టర్ దగ్గర పని చేస్తాను. రీళ్ళ కాలం నుంచి ఉన్నాను. మీరందరూ మార్కులు వేస్తున్నారు బాగానే ఉంది, ఎవరు ఏ సినిమా ఎక్కడ చూశారో చెప్పండి. బెంచీటికెట్ అని పేరు పెట్టుకున్నాయన నాలుగూ సోఫా మీద పడుకుని చూశాడు.

మల్లేశం మా దగ్గర వేసిన రోజు మ్యాట్నీకి ఎంతమందో నేను చెప్పను, ఆ హాలు పరువు పోతుంది. ఫ్యాన్లు ఆపేద్దామా అని మేనేజరు అడిగాడు. బలగానికి మొదటి రోజు అలాగే, నాలుగో రోజుకి బాల్కనీ నిండింది. ఆటోల్లో ముసలివాళ్ళని తీసుకొచ్చారు. మెట్లు ఎక్కలేని ఒకావిడని ఇద్దరు మనవలు కుర్చీతో ఎత్తుకొచ్చారు. పాట వచ్చినప్పుడు హాలంతా ముక్కులు చీదుకునే శబ్దం. సౌండ్ కొంచెం పెంచాను, ఏడ్చేవాళ్ళు సిగ్గుపడకుండా. తర్వాత ఓటీటీలో వచ్చాక కూడా ఊళ్ళలో తెర కట్టి వేశారు. ఇంట్లో ఫ్రీగా దొరికే సినిమాని వీధిలో చాపలేసుకుని చూడటం ఏంటి? ఏదో ఉంటేనే కదా.

అందరూ కలిసి ఏడవడానికి ఒక చోటు కావాలి. మీ సోఫా మీద 72 వచ్చింది, మా హాల్లో 95.

బెంచీటికెట్
ఇది అన్యాయం సీనన్నా. హాలు నిండితే సినిమా మంచిదైపోతుందా? మీ హాలు నిండిన చెత్త సినిమాల లిస్టు నేను చెప్పనా?

సింగిల్‌స్క్రీన్_సీను
చెప్పొద్దు, ఆ హీరోల అభిమానులు ఇక్కడే ఉన్నారు.

వేదిక_నిర్వాహకుడు
చెప్పొద్దు. నా వారాంతం పోతుంది.

సిరిసిల్ల_సాయి
ఒక ముచ్చట మర్చిపోయినం. బలగంల "ఊరు పల్లెటూరు" పాటకు కాసర్ల శ్యామ్‌కు నేషనల్ అవార్డు వచ్చింది, 2023 సినిమాలకు ఇచ్చిన వాటిల. పాట సాహిత్యం కూడ లెక్కల పెట్టి దిద్దాలె బెంచీ అన్న.

బెంచీటికెట్
అవార్డు వచ్చిందని మార్కు పెంచితే ఇక నేనెందుకు దిద్దడం! పాట మాత్రం నిజంగా మంచిది. 2 కలిపాను, 74. ఇక అడగొద్దు.

పాప్‌కార్న్_పద్మ
అసలు ప్రియదర్శి గురించి ఎవరూ మాట్లాడట్లేదు, టాపిక్ పేరు అతనిదే అయినా.

నాకు అతనిలో నచ్చేది ఏంటంటే, ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నప్పుడు వింటాడు. వినడం నటించడం కష్టం. మనవాళ్ళు చాలామంది తమ డైలాగు కోసం వెయిట్ చేస్తున్నట్టు ఉంటారు. కోర్ట్‌లో సీనియర్ లాయరుగా వేసిన సాయికుమార్ గారి ముందు అతను నిలబడే సీన్లు చూడండి. మెడ కొంచెం వంచి, కళ్ళు పైకెత్తి. జూనియర్‌గా పనిచేసిన ప్రతి ఒక్కరికీ ఆ మెడ తెలుసు. పెళ్ళిచూపులు (2016) లో స్నేహితుడి పాత్రలో నవ్వించినప్పుడు ఇలాంటివి చేయగలడని నేననుకోలేదు.

35లో చాణక్యకి ఆ మెడే నిటారుగా ఉంది. చిన్న మార్పు, మనిషే మారిపోయాడు.

విశాఖ_వకీలు
ఆ మెడ నిజం. ఎనిమిదేళ్ళు నేనూ అలాగే నిలబడ్డాను.

గోదారి_గట్టు
అయితే మల్లేశం సంగతేంటి? ఎవరూ పట్టించుకోలేదు పాపం. ఆ సినిమా నేను చూడలేదు. 60 అంటున్నారు, చూడొచ్చా?

బెంచీటికెట్
చూడండి. మొదటి సగం బాగుంది. చింతకింది మల్లేశం గారు నిజంగా ఉన్న మనిషి, చీర నూలు పేర్చే ఆసు యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. తల్లిగా ఝాన్సీ గారు చాలా బాగా చేశారు. భార్యగా అనన్య నాగళ్ళకి అది మొదటి సినిమా అంటే నమ్మలేం. కానీ యంత్రం తయారు చేయడం మొదలయ్యాక సినిమా నెమ్మదిస్తుంది. ప్రయత్నించడం, పాడైపోవడం, ఊళ్ళో నవ్వడం, మళ్ళీ ప్రయత్నించడం. నిజ జీవితం అలాగే ఉంటుంది, ఏళ్ళు పట్టింది ఆయనకి, కాదనను. తెర మీద మాత్రం ఏళ్ళు పట్టకూడదు కదా. యంత్రంలో ఏ ముక్క దగ్గర ఆగిపోయాడు, అది ఎలా దాటాడు అన్నది నాకు స్పష్టంగా అందలేదు. కష్టం అర్థమైంది, తెలివి అర్థం కాలేదు. అక్కడ పోయాయి మార్కులు.

ఆలేరు_అబ్బాయి
అందరికి నమస్తే. నేను ఇక్కడ చదువుడే తప్ప ఎప్పుడు రాయలే. మల్లేశం ముచ్చట వచ్చింది కాబట్టి రాస్తున్న.

మాది ఆలేరు దగ్గర ఊరు, నేతోళ్ళం. ఆసు అంటే తెల్వనోళ్ళ కోసం చెప్తున్న. పోచంపల్లి చీరకు రంగు అద్దకముందు నూలును చెక్క మీద వరుసగ పేర్చాలె. నడుమ ఒక మేకు, ఎదురుంగ అర్ధచంద్రం లెక్క వరుస మేకులు. దారం పట్టుకుని నడిమి మేకు నుంచి ఎదురు మేకుకు, మళ్ళ వెనక్కి, పక్క మేకుకు, మళ్ళ వెనక్కి. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు తిరగాలె. నాలుగైదు గంటలు. మా ఇళ్ళల్ల ఇది ఆడోళ్ళ పని. మగోళ్ళు మగ్గం మీద కూసుంటరు, ఆడోళ్ళ భుజం పోతది.

మా అమ్మ పెండ్లయిన కాడ్నుంచి ఆసు పోసింది. యంత్రం మా ఊరికి వచ్చేదాంక రోజుకు రెండు చీరలు. ఇప్పుడు కుడి చెయ్యి తల దాంక లేవదు, ఎడమ చేత్తోటి దువ్వుకుంటది.

పోయిన నెల ఆమెకు ఫోన్ల ఈ సినిమా పెట్టిచ్చిన. ఆసు పోసే సీన్ వచ్చినప్పుడు ఫోన్ గుంజుకుని దగ్గర పెట్టుకుని చూసింది. ఝాన్సీ గారి చెయ్యినే చూస్తున్నది. నేను ఏడుస్తదేమో అనుకున్న. "ఈమెకు ఎవరో మంచిగనే నేర్పిండ్రు, మోచెయ్యి కిందికే ఉంచింది" అన్నది. అంతే. అది మెచ్చుకునుడే, మా అమ్మ ఎవరిని ఊరికె మెచ్చుకోదు.

బెంచీ అన్న, నువ్వు కష్టం అర్థమైంది, తెలివి అర్థం కాలే అన్నవ్ కదా. మాకు ఉల్టా. యంత్రం ఎట్ల తిరుగుతదో మా ఊళ్ళె చిన్న పోరగానికి కూడ తెలుసు. ఆ కష్టం బయటోళ్ళకు తెల్వదు, అది చూపిచ్చిండ్రని మాకు సంతోషం. నేను 90 వేస్తున్న. పేపరు చదివే వేసిన.

పాప్‌కార్న్_పద్మ
మీరు ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదండీ?

బెంచీటికెట్
తమ్ముడూ, మోచెయ్యి సంగతి నాకు ఈ జన్మలో కనిపించేది కాదు. అమ్మగారికి నా నమస్కారం చెప్పు. ఆ సీన్ల కోసం మళ్ళీ చూస్తాను, ఈసారి చేతులు చూస్తాను.

కానీ అబద్ధం ఆడలేను. నా మార్కు 60 దగ్గరే ఉంటుంది. సెకండాఫ్ సాగింది.

ఆలేరు_అబ్బాయి
పరవాలేదన్న. సెకండాఫ్‌ల మా అమ్మ కూడ నిద్రపోయింది.